చెంచా మీద రెండు చుక్కలు

వాన వెలిసిన మర్నాడే ఆ కొండ అడవికి చేరాం. తెల్లవారుజామున చలికి బిగుసుకుపోయిన పురుగులు ఎండ తగిలేదాకా కదలవు. మాక్రో, అంటే పురుగుల్లాంటి చిన్నవాటిని దగ్గరగా పెద్దగా చూపే ఫొటోలు, తీసేవాళ్లకు అంతకు మించిన వేళ లేదు. సంచిలో 100 ఎంఎం మాక్రో లెన్స్, దానితోపాటు మొదటిసారి బయటికి తీసుకొచ్చిన జంట ఫ్లాష్ ఉన్నాయి. లెన్స్ ముందు ఒక రింగు, దానికి తగిలించే చిన్న ఫ్లాష్ తలలు రెండు, వాటి తీగలు కెమెరా మీది యూనిట్‌లోకి. అంతే సరంజామా.

మొదటి ఉదయమే ఆకుపచ్చగా మెరిసే పెంకుపురుగు దొరికింది. తలల్ని కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పెట్టి, రెంటికీ ఒకే పవర్ ఇచ్చాను. ఫొటోలో దాని వీపు మీద రెండు తెల్లటి మచ్చలు కాలిపోయి కనిపించాయి. రంగు పోయింది, గుండ్రటి ఒళ్లు కాగితంలా చదునైంది. చాలా బాధేసింది. అలాంటి పురుగు మళ్లీ కనబడుతుందో లేదో!

ఆ రాత్రి గదిలో స్టీలు చెంచా ఒకటి బల్ల మీద బోర్లించాను. పెంకుపురుగు వీపులాగే అదీ ఉబ్బెత్తుగా, నున్నగా ఉంటుంది. ఎదురుగా ఉన్న దీపాన్ని ఉన్నదున్నట్టు చూపించేస్తుంది. ఫ్లాష్ తలకు ట్రేసింగ్ పేపర్ అంటించి చూశాను. చెంచా మీద మెరిసే ఫ్లాష్ చుక్క చుక్కగానే ఉంది. పేపర్ తీసేసి, తలకూ షీటుకూ మధ్య మూడు వేళ్ల ఎడం ఉండేలా తెల్లటి పలచని ఫోమ్ షీటు వంచి కట్టాక, చుక్క విచ్చుకుని మెత్తటి కిటికీలా మారింది. వెలుగు పరుచుకోడానికి ఆ ఎడం కావాలి. సూర్యుడు ఎంత పెద్దవాడైనా దూరాన ఉన్నాడు గనుకే నీడలు కరుకుగా పడతాయి. అరచేయంత ఫోమ్ షీటైనా దగ్గరికి తెస్తే పురుగుకు అది ఆకాశమే. పైగా దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది. అసలు సైజు ఫొటోకి, అంటే 1:1 దగ్గర, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గుతుంది) పెట్టినా అందే వెలుగు ఎఫ్/22 అంతే. ఆ లోటు ఇక్కడ పూడుతుంది.

తర్వాత రెండు తలల పవర్ నిష్పత్తి మార్చాను. ఒక తలను గడియారంలో పదకొండు గంటల చోటికి ఎత్తాను, అది ఎండ. రెండోదాన్ని నాలుగు గంటల చోట కిందికి దించి, పవర్ నాలుగో వంతుకు తగ్గించాను. నీడ పూర్తిగా చెరిగిపోకుండా, లోపలి వివరం కనబడేంత చాలు. ఈ ఒక్క మార్పుతో చెంచాకు ఒంపు తిరిగొచ్చింది. జంట ఫ్లాష్ కొన్నవాళ్లు ఎందుకు రెంటినీ సమానంగా వెలిగిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

రెండో రోజు పెంకుపురుగు కనిపించలేదు. ఒక ఎండుకొమ్మ మీద గెంతే సాలీడు కూర్చుని ఉంది. షట్టర్ సెకనులో 1/200 వంతు, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును పట్టే సున్నితత్వం) 200. ఆ సెట్టింగుల్లో అడవి వెలుతురు సెన్సర్‌కు దాదాపు అందదు, ఫ్లాష్ మెరిసే క్షణమే అసలైన షట్టర్. అందుకే చేయి వణికినా బొమ్మ చెదరలేదు. అయితే వెనక అంతా నల్లగా వచ్చేసింది. ఫ్లాష్ వెలుగు అంతదూరం పోదు. నేను రెండడుగులు పక్కకు జరిగి, సాలీడు వెనకాల ఒక ఆకు పడేలా కోణం మార్చుకున్నాను. పచ్చటి తెర వచ్చింది.

ముందున్న రెండు పెద్ద కళ్లూ సరిగ్గా ఫోకస్‌లో పడ్డాయి. ఒక్కో కంట్లో పైన ఒక పెద్ద కిటికీ, కింద ఒక మసక కిటికీ. ఆరు ఫ్రేములు తీశాక అది కొమ్మ కిందివైపుకు తిరిగి వెళ్లిపోయింది.