జర్మన్ సాంకేతిక విశేషణాల తరతమ రూపాలతో నా అనుభవం

విశాఖపట్నంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి జర్మనీలో ఉద్యోగానికి చేరిన నాకు, ఉక్కు విడిభాగాల సాంకేతిక పత్రాలను జర్మన్‌లోనే రాసే పని అప్పగించారు. భాషా తరగతుల్లో నేర్చుకున్న తరతమ భేదాలు, అంటే 'గట్టి', 'మరింత గట్టి' వంటి పోలిక రూపాలు, మొదట్లో చక్కగా అక్కరకు వచ్చాయి. గట్టిదనాన్ని చెప్పే హార్ట్ అనే మాట హెర్టర్ అవుతుంది, లాంగ్ లెంగర్ అవుతుంది, ఫ్లెక్సీబెల్ చివరి అచ్చును పోగొట్టుకుని ఫ్లెక్సీబ్లర్ అవుతుంది. తెలుగులో 'రాగి కంటే ఉక్కు గట్టిది' అంటాం. 'కంటే' రాగికి చేరుతుందే తప్ప 'గట్టి' మారదు. అందువల్ల విశేషణాన్నే మార్చడం అలవాటు కావడానికి నాకు కొంత కాలం పట్టింది.

అసలు చిక్కు సమాసాల దగ్గర వచ్చింది. తుప్పును తట్టుకునే గుణాన్ని చెప్పే కొరోజియోన్స్‌బెష్టెండిహ్ అన్న మాటలో మొదటి భాగం నామవాచకం కాబట్టి తరతమ ప్రత్యయం చివరనే చేరి కొరోజియోన్స్‌బెష్టెండిగర్ అవుతుంది. మొదటి భాగం 'హోఖ్', అంటే 'ఎత్తైన, అధికమైన' అన్న విశేషణమైతే, చాలాచోట్ల మార్పు అక్కడే జరుగుతుంది: అధిక బలం గల ఉక్కు హోఖ్‌ఫెస్ట్, అంతకన్నా బలమైనది హోయర్‌ఫెస్ట్.

ఒకసారి 1.4301, 1.4404 అనే రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ రకాలను పోల్చవలసి వచ్చింది. మొదటిదానిలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 నుంచి 10 శాతం ఉంటాయి. రెండవదానిలో వీటితోపాటు సుమారు 2 శాతం మాలిబ్డినం చేరుతుంది. మిశ్రమ మూలకాల్లో ఏదో ఒకటి కనీసం 5 శాతం ఉన్న ఉక్కును హోఖ్‌లెగీర్ట్, అంటే 'ఇతర మూలకాలు అధికంగా కలిపినది' అంటారు కాబట్టి, రెండూ ఆ వర్గానికే చెందుతాయి. వర్గం పేరుకు చివర ప్రత్యయం తగిలిస్తే 'ఎక్కువగా ఆ వర్గానికి చెందినది' అన్న పొసగని అర్థం వస్తుంది. 1.4404 'హోయర్ లెగీర్ట్' అని విడదీసి రాస్తే, మూలకాల పాళ్లు ఎక్కువన్న సంగతి స్పష్టంగా తెలుస్తుంది. నిప్పు సులభంగా అంటుకోని సామగ్రిని సూచించే ష్వేర్‌ఎంట్‌ఫ్లామ్‌బార్ కూడా ఇలాంటిదే. నిర్మాణ సామగ్రి మంటను ఎలా తట్టుకుంటుందో వర్గీకరించే జర్మన్ ప్రమాణం డిన్ 4102లో అది బి1 తరగతి పేరు. అందుకే ప్రతి విశేషణం దగ్గరా అది కొలతను చెబుతోందా, తరగతిని చెబుతోందా అని ముందుగా చూసుకుంటాను. నా దృష్టిలో వ్యాకరణ సూత్రాలన్నిటికన్నా ఈ ప్రశ్నే ముఖ్యం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పోల్చే వస్తువు లేకుండా వాడిన తరతమ రూపానికి జర్మన్‌లో వేరే అర్థం రావచ్చు: 'హోయరే టెంపరటూరెన్' అంటే దేనికంటేనో ఎక్కువ అని కాక, 'కాస్త ఎక్కువ ఉష్ణోగ్రతలు' అని మాత్రమే కావచ్చు. వాడుక భాషలో ఇందులో ఇబ్బంది లేదు. కానీ యంత్రం దగ్గర నిలబడి పత్రం చదివే మనిషికి అది చాలదు కాబట్టి, అటువంటి చోట '300 డిగ్రీల సెల్సియస్ పైన' అన్నట్లుగా పరిమితిని అంకెతోనే రాస్తున్నాను.