‘ఏ పాపం చేశామో’ అనే మాట గురించి

మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందంటే మన కోనసీమ ఊళ్లలో ఇప్పటికీ వినపడే మాట ‘ఏ పాపం చేశామో’. చర్చి మందిరంలో ముందు వరుసలో కూర్చునేవాళ్ల నోటి నుంచీ వస్తుంది. బిడ్డకి పెదవి చీలి ఉన్నా, కాలు వంకరగా ఉన్నా, మాటలు ఆలస్యంగా వస్తున్నా అదే మాట. మన భాషలో పాప, పాపం పక్కపక్కనే ఉంటాయి. ‘అయ్యో పాపం’ అంటే జాలి, ‘పాపం తగిలింది’ అంటే శాపం. సండేస్కూల్లో ఆరేళ్ల పిల్లకి ‘మనమందరం పాపులం’ అని చెప్పినప్పుడు ఇవన్నీ కలిసే ఆ చెవిన పడతాయి. అందుకని ముందు మాటని శుభ్రం చేసుకోవాలి.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగింది సరిగ్గా ఇదే. ఇతను గుడ్డివాడిగా పుట్టడానికి పాపం చేసింది ఇతనా, కన్నవాళ్లా? ఇతనూ కాదు, కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు. తండ్రి దోషం కొడుకు మొయ్యనక్కర్లేదని యెహెజ్కేలు 18వ అధ్యాయం అంతకు ఎంతో ముందే తేల్చింది. 127వ కీర్తన బిడ్డని ‘ఆయన యిచ్చు బహుమానము’ అంటుంది. అక్కడ ‘కుమారులు’ అని ఉంది కదండీ అని వాదించేవాళ్లున్నారు. ఆ వెంటనే ‘గర్భఫలము’ అని కూడా ఉంది. గర్భఫలానికి ఆడా మగా లేదు.

మరి పుట్టుకతో వచ్చే పాపం సంగతేమిటని అడుగుతారు. 51వ కీర్తనలో పాపములో పుట్టానన్నది దావీదు తన గురించి తాను ఒప్పుకున్న మాట. ఎదుటివాళ్ల ఉయ్యాలలోని బిడ్డ మీద వెయ్యడానికి రాసిన ముద్ర కాదది. రాజమండ్రి వైపు లూథరన్ సంఘాలు పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తాయి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్‌ల సేవతో మొదలైన నరసాపురం వైపు బ్రదరెన్ సంఘాలు పెరిగి, నమ్మి, ఒప్పుకున్నాకే ఇస్తాయి. ఈ తేడా చిన్నదేమీ కాదు. కానీ అందరూ పాపులే అన్న దగ్గర రెండు వైపులా ఒకటే మాట. ఆ ‘అందరూ’లో బిడ్డని చూసి పెదవి విరిచిన పెద్దలు కూడా ఉన్నారు.

పాపానికి గ్రీకులో వాడిన హమర్తియ అన్న మాటకి గురి తప్పడం అని అర్థం. పిల్లల విషయంలో గురి ఏమిటో మార్కు 9వ అధ్యాయంలో ఉంది. ఎవరు గొప్ప అని శిష్యులు దారిలో వాదించుకుంటే, యేసు ఒక చిన్నబిడ్డని తీసుకుని ‘వారి మధ్యను’ నిలబెట్టాడు. ఆ తర్వాత ఎత్తుకుని, ఇలాంటి బిడ్డని నా పేరట ‘చేర్చుకొనువాడు’ నన్ను చేర్చుకుంటాడన్నాడు. ఈ తెలుగు మాట ఎంత బాగా కుదిరిందో చూడండి. మనం అక్కున చేర్చుకోవడం అంటాం. రానివ్వడం వేరు, చేర్చుకోవడం వేరు. పదో అధ్యాయంలో పిల్లల్ని తెచ్చినవాళ్లని శిష్యులు గద్దిస్తే యేసు ‘కోపపడి’ మాట్లాడాడు. పిల్లల అల్లరి మీద కాదు ఆ కోపం, అడ్డం నిలబడిన శిష్యుల మీద.

విధేయత గురించి చెప్పేటప్పుడు ఇశ్రాయేలు రాజు సౌలు కథ అందరూ ఎత్తుకుంటారు. ‘బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు’ శ్రేష్ఠమని సమూయేలు ప్రవక్త అన్నది, చెప్పినదాంట్లో సగం చేసి మిగతా సగానికి బలి పేరు పెట్టిన మనిషితో. డెల్టాలో వ్యవసాయం చేసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ధవళేశ్వరంలో నీళ్లు వదిలారని కబురొస్తే సరిపోదు. బోదె చివర శివారు చేలో నాటు పడిందా లేదా అన్నది చూడాలి. మందిరానికి శివారు చేలు ఈ పిల్లలే. మైకు, లైట్లు, సభలు అన్నీ అయ్యాక ఏమైనా మిగిలితే వాళ్ల దాకా వెళుతుంది.

శివారులో మొదట కనపడేది గల్ఫు వెళ్లిన తల్లుల పిల్లలు. కువైటుకో మస్కట్‌కో ఇంటి పనికి వెళ్లిన తల్లి రెండేళ్లకోసారి వస్తుంది. బిడ్డ మామ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరుగుతుంది. ఈ పిల్లని సంఘం చేర్చుకోవడమంటే చాలా మామూలు పనులు. జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు నకళ్లు తల్లి పెట్టెలో తాళం కింద కాకుండా మామ్మగారి చేతికందేలా ఉన్నాయా చూడాలి. స్కూల్లో తల్లిదండ్రుల మీటింగుకి ఎవరు వెళుతున్నారో కనుక్కోవాలి. జ్వరమొస్తే రాత్రిపూట బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లే ఇల్లు ఏదో ముందే అనుకుని, ఆ నంబరు పెద్ద అంకెలతో రాసి గోడకి అంటించాలి. ‘మీ అమ్మ ఈ నెల డబ్బులు పంపిందా’ అని పదిమందిలో ఎవ్వరూ అడగకూడదు. ఆ ప్రశ్న విన్న పిల్ల తర్వాతి ఆదివారం రాదు. ఇంకొకటి, ఏ పెద్దమనిషీ ఒక్కడే ఒక పిల్లతో తలుపేసిన గదిలో ఉండకూడదు, పాస్టర్‌గారైనా సరే. బిడ్డకి హాని జరుగుతోందని అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యాలి. సంఘం పరువు పోతుందని దాచిపెట్టడం బిడ్డని అభ్యంతరపరచడమే, అంటే తడబడి పడేలా చెయ్యడమే. తిరుగలిరాయి మెడకి కట్టి సముద్రంలో వెయ్యడం మేలన్న మాట యేసు దాని గురించే అన్నాడు.

ఇక పిల్లలు చేసే పాపం. కానుకకని ఇంట్లో ఇరవై రూపాయలిచ్చారు. కుర్రాడు దారిలో పాలైసు కొనుక్కుని మందిరంలో కానుక సంచిలో పదే వేశాడు. ‘దొంగిలించావా’ అని అడిగితే ‘లేదు’ అంటాడు. ఆ ప్రశ్నే అబద్ధాన్ని చేతికిస్తుంది. ‘లెంపలేసుకో, దేవుడు కళ్లు పొడుస్తాడు’ అంటే భయపడతాడు గానీ మారడు, దేవుడి నుంచి దాక్కోవడం నేర్చుకుంటాడు. ఆదాము చెట్ల మధ్య దాక్కున్నప్పుడు దేవుడు మొదట అడిగింది ‘నీవు ఎక్కడ ఉన్నావు’ అని. శిక్ష తర్వాత వచ్చింది. కాబట్టి పక్కకి పిలిచి, పక్కన కూర్చుని, ‘సంచిలో పదే పడింది, మిగతాది ఏమైంది నాన్నా’ అని అడిగి ఆగాలి. అర నిమిషం మౌనం అయినా భరించాలి. చాలామంది పెద్దలు ఇక్కడే ఓపిక పట్టలేక జవాబు కూడా తామే చెప్పేస్తారు. వాడు చెప్పాక, చేసినదానికి పేరు పెట్టించాలి: ‘దేవుడికి ఇచ్చినది నేను తీసుకున్నాను’. తర్వాత వాడి చిరుతిండి డబ్బుల్లోంచే వారానికి రెండు రూపాయల చొప్పున 5 వారాలు సంచిలో వేయించాలి. పది రూపాయలూ అమ్మే కట్టేస్తే వాడు సరిదిద్దింది ఏమీ ఉండదు. రెండు వాక్యాల ప్రార్థన చాలు. మన పాపాలు ఒప్పుకుంటే క్షమించడానికి ఆయన నమ్మదగినవాడని యోహాను మొదటి పత్రికలో ఉంది. క్షమించాక మళ్లీ ఎత్తకూడదు. ఆ సంగతి మైకులో ఉదాహరణగా చెప్పడం మాత్రం క్షమించరాని పొరపాటు.

తప్పు పెద్దలదైనప్పుడు కూడా ఇదే వరస. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో పిల్లలకి విధేయత చెప్పిన పౌలు, నాలుగో వచనంలో తండ్రులకి ‘కోపము రేపక’ అన్నాడు. నలుగురిలో కొట్టిన తండ్రి నలుగురిలోనే ‘నాది తప్పు’ అనాలి.

పిల్లలు లేని దంపతులు బిడ్డని తెచ్చుకోవడం చేర్చుకోవడంలో అన్నిటికన్నా నిండైనది. కానీ ఆస్పత్రి ఆయమ్మ చేతుల మీదుగా, డబ్బిచ్చి, రాత్రికి రాత్రి తెచ్చుకోకూడదు. బిడ్డని అమ్మినా కొన్నా 5 ఏళ్ల వరకు జైలు. చాలాకాలం క్రైస్తవులకి దత్తత చట్టమే లేదు, 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా ఉండడమే. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఏ మతంవాళ్లైనా దత్తత తీసుకోవచ్చు. దత్తతలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. పెళ్లయి 2 ఏళ్లు నిండాలి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు. ఆలస్యం చేసి నలభై ఐదేళ్లకి బయల్దేరినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. చివరి ఉత్తర్వు జిల్లా మెజిస్ట్రేటుగా కలెక్టరుగారు ఇస్తారు. చెల్లెలి బిడ్డనైనా సరే, నోటిమాటతో కాక ఆ పోర్టల్లోనే బంధువుల దత్తతగా రాయించుకోవాలి.

పెళ్లికాని అమ్మాయి తల్లి అయితే సంఘం అసలు ముఖం బయటపడుతుంది. పెంచలేనంటే బిడ్డని బాలల సంక్షేమ కమిటీకి అప్పగించొచ్చు, మనసు మార్చుకోవడానికి 2 నెలలు గడువుంటుంది. పెంచుకుంటానంటే అది ఆమె హక్కు. తండ్రి పేరు లేకుండా, తల్లి అఫిడవిట్ మీద జనన ధ్రువపత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. ఆ కేసు వేసిన తల్లి క్రైస్తవురాలే. క్రమశిక్షణ పేరుతో తల్లిని రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లకి దూరంగా ఉంచిన సంఘం, బిడ్డ మీద చెయ్యుంచి ప్రార్థించడానికి కూడా వెనకాడితే, అక్కడ గురి తప్పినది ఆ అమ్మాయి ఒక్కతే కాదు. పాస్టర్‌గారు ఆ బిడ్డని రెండు చేతులా ఎత్తుకుని అందరి మధ్యా నిలబడాలి. రిజిస్టరులో తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే ఉండనివ్వండి, బిడ్డ పేరు మాత్రం ఆ రోజే రాయండి.