టెకీలా ఊళ్లో ఒక గుక్క

నిన్న మెక్సికోలోని గ్వాదలహారా నగరం నుంచి టెకీలాకి వెళ్లాం. ఆ మద్యం పేరుతో నిజంగానే ఒక ఊరుంది, వెనక అదే పేరుతో అగ్నిపర్వతం. దారి పొడవునా నీలి అగావే తోటలు. మన రైలు పట్టాల పక్కన పెరిగే కిత్తనారకి దగ్గరి చుట్టం ఈ మొక్క. కోతకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆకులు నరికేశాక మిగిలే మొద్దు అచ్చం పెద్ద అనాసపండులా ఉంటుంది. దాన్ని ఉడికించి, రసం పిండి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీలో కాచి టెకీలా చేస్తారు.

ఇన్నాళ్లూ టెకీలా అంటే ఉప్పు నాకి, గుటుక్కున మింగి, నిమ్మకాయ కొరకడమే అనుకున్నాను. నిన్న మూడు గ్లాసులు పక్కపక్కనే పెట్టారు. మొదటిది తెల్లది, పచ్చి ఆకు వాసన, మిరియాల ఘాటు. రెండోది రెపొసాదో, ఓక్ పీపాలో కనీసం 2 నెలలు ఉండాలి. మూడోది అన్యేహో. 600 లీటర్లకి మించని పీపాలో కనీసం ఏడాది. 3 ఏళ్లు దాటితే ఎక్స్‌ట్రా అన్యేహో అంటారు, అది మేం తాగలేదు.

అన్యేహో దగ్గర ఆగిపోయాను. తేనె రంగు. ముందు వెనిలా, తర్వాత లవంగం, ఆఖర్న ముదురు బెల్లం పాకం. గొంతు మండలేదు, మెల్లగా వెచ్చబడింది. చెక్క ఎంత రుచి ఇచ్చినా అగావేని మింగేయలేదు, నాకు బాగా నచ్చింది అదే. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా చాలాసేపు వాసన చూస్తూనే కూర్చున్నాను.