మాత్ర మింగాక ఒక అధ్యాయం

దగ్గు మొదలైనప్పుడు బట్టల నూగు వల్లేమో అనుకున్నాం. విశాఖ కంచరపాలెంలో మాది చిన్న టైలరింగ్ షాపు. రోజంతా కటింగ్ బల్ల దగ్గర నిలబడేవాళ్లకి గొంతులోకి నూలు పీచు పోవడం మామూలే. ఒక ప్రైవేటు డాక్టరు దగ్గు మందు రాశారు, ఇంకొకాయన ఎలర్జీ మాత్రలు రాశారు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకి దిండు గలీబు తడిసిపోయేది. నేను సన్నబడ్డ సంగతి అద్దం కంటే ముందు టేపు చెప్పింది. నా జాకెట్టు కొలతలు నాకు నోటికొచ్చు. క్రిస్మస్‌కి కొత్తది కుట్టుకుందామని టేపు చుట్టుకుంటే ఛాతీ దగ్గర రెండంగుళాలు తేడా వచ్చింది.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అప్ప చేతిలో బ్యాగు కూడా దించకుండా, "ఏటే, ఇలా సిక్కిపోనావు?" అంది. మర్నాడు పొద్దున్నే తనే నన్ను వాల్తేరులోని ఛాతీ ఆసుపత్రికి లాక్కెళ్లింది. కళ్లె పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. టీబీ. మామూలు మందులకి లొంగే రకమేనని డాక్టరమ్మ చెప్పాక అప్ప ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం ఆ మాట సరిగ్గా చెవికెక్కలేదు.

కోర్సు 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు కలిపిన మాత్రలు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. ఎన్ని మింగాలన్నది బరువును బట్టి ఉంటుంది, నా బరువుకి రోజూ మూడు పడ్డాయి, పరగడుపున. నర్సమ్మ అన్నీ ముందే చెప్పింది. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడకు. వేళ్లు తిమ్మిరెక్కితే చెప్పు, దానికి విటమిన్ మాత్ర ఉంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియడం లేదనిపిస్తే ఆలస్యం చేయకుండా రా, అందులో ఒక మందు కంటిచూపును దెబ్బతీయగలదు. మిగతావన్నీ విని తలూపాను గానీ ఈ ఆఖరిదానికి నా గుండె జారింది. రంగు తెలియని టైలరుకి బేరాలెవరిస్తారు? అప్పట్నుంచి మా ఆయన షాపులోంచి దారపు రీళ్ల డబ్బా ఇంటికి తెచ్చి నా మంచం పక్కన పెట్టేవాడు. మాత్రలు మింగాక కిటికీ వెలుతురులో ఎరుపుని మెరూన్ నుంచి, చిలకపచ్చని ముదురాకుపచ్చ నుంచి విడదీసేదాన్ని. అన్నీ సరిగ్గా వచ్చేవి, అయినా మర్నాడు మళ్లీ టెన్షనే.

తిండి అసలు బాధ. వీధిలో ఎవరింట్లో పోపు వేసినా నాకు వాంతి వచ్చేది. మా అత్తయ్య చోడంబలి చేసి గిన్నెలో పోసిచ్చి ఎదురుగా కూర్చునేది. నాకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టింది కూడా ఆవిడే. టీబీ దగ్గినప్పుడు గాలిలోంచి వస్తుందమ్మా, కంచాల వల్ల కాదని ఆరోగ్య కార్యకర్త ఎంత చెప్పినా "ఉండనీ, ఎందుకైనా మంచిది" అనేది. ఆ కంచం నన్ను నొప్పించిన మాట నిజం. కానీ ఆ కంచంలో గుడ్డు లేని రోజు లేదు. టీబీ రోగుల పోషణకి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలకి పెంచారు. ఆ డబ్బు ఖాతాలో పడ్డ రోజున అత్తయ్య గుడ్ల లెక్కలు వేసేది.

మాది తాతల నాటి నుంచి చర్చికెళ్లే కుటుంబం. అయితే నాకు వాక్యం అంటే కొత్త సంవత్సరం రోజున తీసుకునే వాగ్దానపు కార్డు, పొద్దున్నే ఫోన్‌లో వచ్చే వచనం, మిషను తొక్కుతూ వినే ప్రసంగాలు. చేతినిండా పని ఉన్నవాళ్లకి అవి చాలానే అనిపిస్తాయి. మంచాన పడ్డాక ఆ ఫోనే బరువైంది. ఏ ప్రసంగం పెట్టినా గట్టిగా అరుపులు, ఇదే నీ స్వస్థత దినం అంటూ. దగ్గు తెర మధ్యలో అది వినడం కష్టం. పైగా ప్రార్థన కూడికల్లో పరిచయమైన ఒకావిడ వచ్చి మంచం దగ్గర నిలబడి, "మాత్రలు మింగుతున్నావంటే ఆయన్ని నమ్మనట్టేగా చెల్లీ, మానేసి చూడు" అని వెళ్లింది. మధ్యలో మందు మానేస్తే జబ్బు మొండిదై, ఆ మాత్రలకే లొంగకుండా తయారవుతుందని నర్సమ్మ చెప్పింది. అది తెలిసి కూడా ఆవిడ మాట రాత్రంతా నన్ను తొలిచింది.

ఆ వారంలోనే మా పాస్టరమ్మగారు వచ్చారు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు ఏమీ చెప్పలేదు, అత్తయ్యతో చేపల ధరల గురించి మాట్లాడారు. వెళ్లబోతూ అడిగారు, "చదువుతున్నావా అమ్మా?" రెండు వచనాలకే కళ్లు మూతపడుతున్నాయండీ అన్నాను. "అయితే ఒక్క అధ్యాయమే చదువు. అంబలి ఎంత తాగగలవో అంతే తాగుతున్నావు కదా, ఇదీ అంతే. మార్కు సువార్తతో మొదలెట్టు, గబగబా సాగుతుంది. ఇష్టమైన వచనాల కోసం వెతక్కు, వరసగా వెళ్లు."

వరసగా వెళ్లు అన్న మాట వల్లే మార్కు 5 నా కంటపడింది. ఆ అధ్యాయం ప్రసంగాల్లో వినని క్రైస్తవులుండరు. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో ఉన్న స్త్రీ, వస్త్రం ముట్టుకోవడం, బాగుపడటం. కానీ ఆవిడ అంతకుముందు "అనేక వైద్యులచేత ఎన్నో తిప్పలుపడి" ఉన్నదంతా ఖర్చు పెట్టుకుందని, అయినా జబ్బు ఇంకా ముదిరిందని అక్కడే రాసుంది. రెండు క్లినిక్కుల బిల్లులు నా దిండు కింద ఉన్నాయి. ఆ వాక్యం దగ్గర నేను నవ్వాను, నవ్వితే దగ్గొచ్చింది. అదే అధ్యాయం చివర యాయీరు కూతురు, పన్నెండేళ్ల పిల్ల, చనిపోయి లేస్తుంది. అక్కడున్నవాళ్లంతా విస్తుపోయి నిలబడి ఉంటే యేసు చెప్పిన ఆఖరి మాట ఆ పిల్లకి తినడానికి ఏమైనా పెట్టమని. అంత అద్భుతం జరిగిన గదిలో పిల్లకి ఆకలేస్తుందని గుర్తున్నది ఆయనొక్కడికే. అప్పుడే అత్తయ్య గిన్నె పట్టుకొచ్చింది. ఆ పూట మొత్తం తాగాననను, సగం పైనే తాగాను.

మార్కు 16 అధ్యాయాలే. అయిపోయాక పాత నిబంధనలో రాజుల చరిత్ర పట్టుకున్నాను. యుద్ధాలు, పేర్లు, ఎవరి కొడుకెవరో తెలియని గందరగోళం. కొన్ని పొద్దులు చదివింది సాయంత్రానికి ఒక్క ముక్క గుర్తుండేది కాదు. అలా వెళ్తే మొదటి రాజులు 19 వచ్చింది. ఏలీయా అంతకుముందు అధ్యాయంలో కొండమీద నిప్పు రప్పించిన మనిషి. ఇక్కడ బదరీవృక్షం కింద పడుకుని ఇక చాలు, నా ప్రాణం తీసెయ్ అంటున్నాడు. దేవదూత వచ్చి విశ్వాసం గురించి ఒక్క ముక్క చెప్పడు. "నీవు లేచి భోజనము చేయుము" అంటాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి. తిని మళ్లీ పడుకుంటాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ అదే మాట, "నీ శక్తికి మించిన ప్రయాణము" నీ ముందుందని కారణం కూడా చెప్పి. ప్రవక్తకే అన్నం, నిద్ర, మళ్లీ అన్నం అవసరమైతే నా మంచం దగ్గర నిలబడి తీర్పు చెప్పినావిడ ఏ గ్రంథం చదివిందో!

ఆవిడకి అసలు జవాబు నాకు అపొస్తలుడైన పౌలు పత్రికల్లో, అంటే ఆయన రాసిన ఉత్తరాల్లో దొరికింది. శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో, అంగీ తీసుకురా, పుస్తకాలు తీసుకురా అని రాసే చోట, పౌలు "త్రోఫిము రోగియైనందున అతనిని మిలేతులో విడిచివచ్చితిని" అంటాడు. అంతే, ఇంకేం చెప్పడు. ఎంతమందినో బాగుచేసిన పౌలు తన సొంత జతగాణ్ణి జబ్బుతో ఒక ఊళ్లో వదిలేసి రావాల్సి వచ్చింది. అతనికి విశ్వాసం చాలలేదని ఎక్కడా అనలేదు. తిమోతికైతే కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా కూడా ఇచ్చాడు. ఇలాంటి వచనాలు ఏ వాగ్దానపు కార్డు మీదా అచ్చు వేయరు. నాకు మాత్రం ఆ నెలల్లో వీటి మీదే ఒళ్లు నిలబడింది. మర్నాడు మాత్రలు మింగుతున్నప్పుడు నాలో ఏ పేచీ లేదు.

కళ్లు లాగిన రోజుల్లో మా ఆయన కీర్తనలు చదివి వినిపించేవాడు. పాత అనువాదపు భాష అతని నోట తడబడేది, ఒకే మాట రెండుసార్లు చదివేవాడు. 88వ కీర్తన చదువుతూ చివరికొచ్చి, "ఇదేంటి, ఇలా ఆగిపోయింది?" అన్నాడు. మిగతా విలాపాలు చాలావరకు స్తుతి వైపు తిరుగుతాయి, ఇది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. పక్క వీధి నుంచి కూడా చుట్టాలు రావడం మానేసిన రోజులవి. ఇంకోటి చదవనా అన్నాడు. వద్దన్నాను. నా పరిస్థితి ఆ గ్రంథంలో ముందే రాసి ఉందన్నది ఆ పూటకి చాలా ధైర్యం.

అప్పుడే మా చర్చి పెద్దాయన ఒకరు, రిటైర్డ్ టీచరు, పండ్లు పట్టుకొచ్చి మాటల్లో ఒక సంగతి చెప్పారు. బైబిల్‌ని తెలుగులోకి తెచ్చే పని మన విశాఖలో బాగా జరిగిందట. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇక్కడికొచ్చి భాష నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు క్రైస్తవుడై అనువాదంలో డెస్ గ్రాంజెస్‌కి సాయపడ్డాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. మొదటి మూడు సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి, వాళ్లిద్దరూ చూడలేదు. ఆయన వెళ్లాక మార్కు పేజీలు మళ్లీ తిరగేశాను. ఇప్పుడు మన చేతుల్లో ఉన్నది తర్వాత వచ్చిన అనువాదమే, అయినా "తిప్పలుపడి" లాంటి ఇంటి మాట ఆ పేజీలో కనిపిస్తే ఎవరో పక్కనుండి అందించినట్టే ఉంది.

రెండు నెలలు గడిచాక కళ్లెలో సూక్ష్మక్రిములు లేవన్నారు. బరువు పెరగడం మొదలైంది. మా ఆయన ఫిషింగ్ హార్బర్ నుంచి కానగంతలు తెస్తే అత్తయ్య పులుసు పెట్టింది, పోపు వాసనకి నేనే వంటింట్లోకి వెళ్లాను. నా వేరే కంచం ఎప్పుడు మాయమైందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కోర్సు అయ్యేదాకా ఒక్క పూట మాత్ర తప్పలేదు. అధ్యాయం మాత్రం కొన్ని రోజులు తప్పింది, తప్పిన మర్నాడు రెండు చదివి సర్దుబాటు చేయొద్దని పాస్టరమ్మగారు ముందే చెప్పారు, ఆగిన చోటి నుంచే వెళ్లమన్నారు.

ఇప్పుడు షాపు తెరవకముందు చదువుతున్నాను. సంఖ్యాకాండంలో ఉన్నాను, గోత్రాల లెక్కల దగ్గర బండి నెమ్మదిగా నడుస్తోంది. ఫోన్‌లో ప్రసంగాలు ఇంకా వింటాను, కానీ ఎవరైనా వచనం చెబితే దాని ముందూ వెనకా ఏముందో తీసి చూసే అలవాటు పట్టుకుంది. మా ఆయనకి ఇది కాస్త విసుగు. మొన్న అప్ప ఫోన్ చేసి తనకీ ఎక్కడ మొదలెట్టాలో చెప్పమంది. మార్కే చెప్పాను. వారం తిరక్కుండా మళ్లీ చేసింది. "అయిదో అధ్యాయంలో ఆ రెండువేల పందులు సముద్రంలో పడి సచ్చిపోనాయి గదే, వాటి ఆసామికి డబ్బులెవులిచ్చారు?" అంది. నాకు తెలియలేదు. పాస్టరమ్మగారిని అడిగి చెబుతానన్నాను.