బ్యాండ్ ఎందుకు వెలిసిపోయిందంటే: జిప్1తో నా అనుభవం

చివరి బ్లాట్ (ప్రొటీన్లను బ్యాండ్లుగా, అంటే గీతల్లా చూపించే పరీక్ష) నిన్ననే వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత ప్రశాంతంగా నిద్రపోయాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకిచ్చిన పని చెప్పడానికి తేలిక. కణంలో జేఎన్‌కే, ఈఆర్‌కే, పీ38 అని మూడు కైనేజ్‌లు (వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు) ఉన్నాయి. మూడూ దగ్గరి చుట్టాలే, అయినా ఒకదానికి రావాల్సిన కబురు ఇంకోదానికి పోకుండా చూసేవాటిలో స్కాఫోల్డ్ ప్రొటీన్లు ముఖ్యం. జిప్1 అనే స్కాఫోల్డ్, కబురును వరసగా ఒకదానికొకటి అందించుకునే ఎంఎల్‌కే, ఎంకేకే7, జేఎన్‌కే మూడింటినీ ఒకేచోట పట్టుకుంటుంది. ఈఆర్‌కే, పీ38ల జోలికి పోదు. కణాల్లో ఎంఎల్‌కే3 (ఎంఎల్‌కేల్లో ఒకటి)తో పాటు జిప్1ని వేసి, జేఎన్‌కే మీద ఫాస్ఫేట్ పెరిగిందని, అంటే కబురు అందిందని చూపిస్తే చాలు.

క్లోనింగ్, సీక్వెన్సింగ్ రెండు వారాల్లో అయిపోయాయి. ట్రాన్స్‌ఫెక్షన్‌లో, అంటే కణాల్లోకి డీఎన్‌ఏ ఎక్కించడంలో, నా చేతికి తిరుగులేదు, ల్యాబులో ఎవరూ పైకి ఒప్పుకోరంతే.

బాగా కనిపించాలన్న ఆశతో కణాలున్న ఒక్కో గుంటకి (వెల్) 2 మైక్రోగ్రాముల జిప్1 ప్లాస్మిడ్ (జిప్1 జన్యువున్న డీఎన్‌ఏ ఉంగరం) వేశాను. జిప్1 బ్యాండ్ నల్లగా, లావుగా వచ్చింది. 46, 54 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర మెరవాల్సిన ఫాస్ఫో-జేఎన్‌కే (ఫాస్ఫేట్ ఎక్కిన జేఎన్‌కే) మాత్రం, ఖాళీ ప్లాస్మిడ్ వేసిన కంట్రోల్ కంటే వెలిసిపోయింది. మీటింగులో స్లైడ్ పెట్టగానే గైడ్ "ట్యూబులు తారుమారు చేశావా?" అన్నారు. లేదండీ అన్నాను. "అయితే ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్ వేయడం మర్చిపోయి ఉంటావు" అని తేల్చేశారు. ఫాస్ఫేట్ ఊడిపోకుండా ఆపే మందు అది. ఇంతలో ఒక సీనియర్ లేచి, ట్యూబు మీద లేబుల్ ఎలా రాయాలో అందరి ముందూ బోర్డు మీద రాసి చూపించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే ఇప్పటికీ మింగుడుపడదు.

అయిదుసార్లు మళ్లీ చేశాను. యాంటీబాడీ మార్చాను, లైసేట్ (కణాలను పగలగొట్టి తీసే ద్రవం) కొత్తది తీశాను. మొత్తం జేఎన్‌కే సమానంగానే ఉంది, ఫాస్ఫేట్ ఒక్కటే తగ్గుతోంది. చివరికి నా పని జూనియర్‌తో చేయించారు. ఆ అమ్మాయికీ తగ్గింది. మా ఇద్దరికీ చేతకాదన్నారే తప్ప, ప్రొటీన్‌ని అనుమానించినవాళ్లు లేరు.

టెన్షన్‌తో పాత పేపర్లు తిరగేశాను. 1997లో జిప్1 గురించి మొదట రాసినప్పుడు దాన్ని జేఎన్‌కేకి అడ్డుపడే ప్రొటీన్ అన్నారట! స్కాఫోల్డ్ అని చెప్పింది మరుసటి ఏడు, అదే బృందం. స్కాఫోల్డ్ మితిమీరితే సిగ్నల్ పడిపోతుందని 2000లో లెవ్‌చెంకో, బ్రక్, స్టెర్న్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు లెక్కకట్టి మరీ చూపించారు. కాగితం మీద బొమ్మ గీసుకుంటే అర్థమైంది. ముగ్గురికి ఒకటే బల్ల ఉంటే పక్కపక్కనే కూర్చుంటారు, కబురు చేతులు మారుతుంది. పది బల్లలు వేస్తే తలా ఒక బల్ల ఎక్కుతారు. ఎంఎల్‌కే ఒకచోట, జేఎన్‌కే ఇంకోచోట. నేను వేసింది పది కాదు, వెయ్యి బల్లలు.

ఈసారి 10 నానోగ్రాముల నుంచి మొదలుపెట్టాను, మొత్తం డీఎన్‌ఏ సమానంగా ఉండేలా ఖాళీ ప్లాస్మిడ్ కలుపుతూ. సిగ్నల్ పెరిగింది, పెరిగింది, 100 దాటాక దిగిపోయింది. ఈఆర్‌కే, పీ38 బ్యాండ్లు మొదటి నుంచి చివరిదాకా కదల్లేదు. స్కాఫోల్డ్‌తో పనిచేసేవాళ్లు దయచేసి ముందు మోతాదు మెట్లు కట్టుకోండి, మీటింగ్ సంగతి తర్వాత. ఒక్క మోతాదుతో వచ్చిన స్లైడ్ చచ్చినా చూపించకండి.

నిన్న గ్రాఫ్ చూసి గైడ్ "నేను ముందే అనుకున్నాను" అన్నారు. సీనియర్ తన ప్రజెంటేషన్‌లో పెట్టుకుంటానని ఫైల్ అడిగాడు. లేబుళ్లు శుభ్రంగా రాసి పంపించాను.