1,150 అడుగుల ఇల్లు 1,420 ఎలా అయింది

మా గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో సగం మంది పాయసం తింటూ అడిగిన మాట ఒకటే. "టీచర్ గారూ, అడుగుకి ఎంత పడింది?" ఒక అంకె చెప్పగానే వాళ్లకి తృప్తి. కట్టించకముందు నేనూ అందరినీ అదే అడిగాను. ఆ అడుగుని ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలుస్తారని మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు మాకు దాదాపు రెండు లక్షలు అయింది.

మాది ఖమ్మం ఊరి చివర 200 గజాల స్థలం. వెడల్పు 30, పొడవు 60, తూర్పు ముఖం. అప్రూవ్డ్ లేఅవుటే కానీ అంతకుముందు పత్తి చేను. మా ఆయన మెడికల్ రెప్, నెలలో ఇరవై రోజులు ఊళ్ల మీదే. నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. కాబట్టి ఇల్లు కట్టించే పని నా మీద పడింది. పొద్దున ఏడింటికి సైటు, తొమ్మిదింటికి బడి, సాయంత్రం మళ్లీ సైటు. పదమూడు నెలలు ఇదే.

2022 జనవరిలో ప్లాన్ గీయించాం. పర్మిషన్‌కి ఎంత తిరగాలో అని భయపడ్డాం కానీ అది తేలిగ్గానే అయిపోయింది. తెలంగాణలో ఇంటి పర్మిషన్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్-బీపాస్ 2020 నవంబరులోనే వచ్చింది కదా. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు దాటని ఇల్లయితే ఆన్‌లైన్‌లో పత్రాలు పెట్టి, ఫీజు కట్టి, మనమే డిక్లరేషన్ ఇస్తే సరిపోయేది. మా ఇంజినీరు లాప్‌టాప్ ముందు కూర్చున్నంతసేపట్లో లెటర్ వచ్చేసింది. మనం ఇచ్చిన వివరాలు తప్పని తర్వాత తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉందని ఆయన అప్పుడే చెప్పాడు. అందుకే ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలంటే టేపు పట్టుకుని మరీ వదిలాం. "పక్కవాళ్లు అరడుగు కూడా వదల్లేదు" అని సలహా ఇచ్చినవాళ్లకి కొదవ లేదు.

అత్తయ్యది ఇంకో లెక్క. పడమర కంటే తూర్పు, దక్షిణం కంటే ఉత్తరం ఎక్కువ ఖాళీ ఉండాలి. ఈశాన్యంలో బోరు, సంపు. ఆగ్నేయంలో వంటిల్లు. సెప్టిక్ ట్యాంకు ఈశాన్యం ఛాయలకి రాకూడదు. ఆమె నోటితో చెప్పుకుపోతుంటే ఇంజినీరు పెన్సిల్‌తో గీసుకుంటూ పోయాడు. నాకు వాస్తు మీద పెద్ద నమ్మకం లేదు. అయినా ఆ ఇంట్లో ఉండేది ఆమె కూడా. మునిసిపాలిటీ లెక్క, అత్తయ్య లెక్క రెండూ తీసేయగా మిగిలిన ఇల్లు 1,150 చదరపు అడుగులు.

కాంట్రాక్టు ఎవరికి ఇవ్వాలన్న దగ్గర నెల రోజులు తేల్చుకోలేకపోయాం. ఇటుకా సిమెంటూ మనమే తెచ్చి మేస్త్రికి కూలి మాత్రం ఇస్తే లేబర్ కాంట్రాక్టు. దాంట్లో డబ్బు కొంత మిగులుతుంది. కానీ ఇసుక ట్రాక్టరు ఎప్పుడొస్తుందో, కంకర ఎక్కడ పోయించాలో, పని మధ్యలో బస్తాలు అయిపోతే ఎవరు పరిగెత్తాలో అన్నీ మనమే చూసుకోవాలి. బడి వదిలేసి నేను ఆ పని చేయలేను. అందుకని మెటీరియల్‌తో సహా ఇచ్చేద్దామనుకున్నాం. ముగ్గుర్ని అడిగాం. ఒకాయన అడుగుకి 1,650 అని నోటితో చెప్పాడు, కాగితం అడిగితే నవ్వాడు. ఇంకొకాయన 1,950 చెప్పి నాలుగు పేజీలు ఇచ్చాడు. మూడో ఆయన 1,750 అని ఒక పేజీ రాసిచ్చాడు. మధ్యస్థంగా ఉందని మూడో ఆయన్ని పెట్టుకున్నాం. ఆ నాలుగు పేజీల్లో ఏముందో తీరిగ్గా చదివి ఉంటే బాగుండేది.

వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ రాయించాం. సిమెంటు ఏది, స్టీలు ఏ గ్రేడు, టైల్స్ అడుగు ఎంతలో, వైరు ఏ కంపెనీది, అన్నీ రాయించానని గర్వపడ్డాను. అందులోనే ఒక వాక్యం ఉంది: "కొలత స్లాబ్ ఏరియా ప్రకారం." చదివాను. స్లాబ్ అంటే ఇంటి కప్పే కదా అనుకుని సంతకం పెట్టాను.

లోన్ గురించి అడిగేవాళ్లకి ఒక్క మాట. స్థలం పేపర్లు, అంతకుముందు చేతులు మారిన లింక్ డాక్యుమెంట్లు, స్థలం మీద అప్పులూ లావాదేవీలూ చూపించే ఈసీ, పర్మిషన్, ఇంజినీరు ఇచ్చిన ఎస్టిమేషన్ అన్నీ పెట్టినా డబ్బు ఒకేసారి ఇవ్వరు. మాకు పునాది, స్లాబ్, ప్లాస్టరింగ్, ఫినిషింగ్ అని నాలుగు విడతలు. ఆ పని అయ్యాక బ్యాంకు మనిషి వచ్చి చూస్తాడు, ఆ తర్వాతే డబ్బు. కాంట్రాక్టరేమో పని మొదలుపెట్టకముందే అడుగుతాడు. ఈ రెంటి మధ్య ప్రతిసారీ రెండు మూడు లక్షలు చేతిలో ఉండాల్సిందే. నా గాజులు రెండుసార్లు బ్యాంకుకి వెళ్లి వచ్చాయి. ఉద్యోగస్తులు ఇంకోటి చూసుకోవాలి. సొంతంగా ఉండే ఇంటి లోన్‌కి పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా వడ్డీ మినహాయింపు ఉంది. అయితే అది ఇల్లు పూర్తయ్యాకే. కట్టే కాలంలో కట్టిన వడ్డీని ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి అయిదేళ్లలో అయిదు సమాన భాగాలుగా, ఆ 2 లక్షల లోపలే చూపించుకోవాలి. కాబట్టి మొదటి రోజు నుంచి వడ్డీ కాగితాలు దాచుకోవాలి.

ముగ్గు పోసి గుంతలు తవ్వడం మొదలుపెట్టాక నల్లరేగడి అంటే ఏమిటో తెలిసింది. అది వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. పునాది దాని మీద నిలబెడితే దాంతోపాటే ఇల్లూ పైకీ కిందికీ కదులుతుంది. అయిదడుగులు తవ్వి మేస్త్రి "చాలు మేడం" అన్నాడు. ఇంజినీరు గుంతలోకి దిగి, గునపంతో పొడిచి చూసి, చేతిలో ఇంత మట్టి పిసికి చూపించాడు. నల్లగా, జిగటగా ముద్దైపోయింది. "ఇది ముద్ద కాకుండా పొడిపొడిగా రాలాలి, అప్పుడు ఆపండి" అన్నాడు. ఈశాన్యం మూల ఆరున్నర అడుగుల దగ్గర గట్టి మొరం తగిలింది. నైరుతిలో ఏడున్నర దాకా పోయింది. అదనపు తవ్వకానికీ కాంక్రీటుకీ వేరే డబ్బు అడిగితే ఏమీ అనకుండా ఇచ్చాను. ఆ డబ్బుకి ఇప్పటికీ బాధ లేదు.

తవ్వి తీసిన నల్లమట్టినే బేస్‌మెంట్‌లో, అంటే పునాది గోడల మధ్య గదుల నేల కింద, నింపేయబోతే మాత్రం గొడవపడ్డాను. మా వెనక వీధిలో ఒకరింట్లో అలాగే నింపారు, రెండేళ్లకి హాల్లో టైల్స్ లేచి, అడుగేస్తే డబడబమంటున్నాయి. నల్లమట్టి మొత్తం బయట పోయించి మొరం తోలించాం. పొర పొరకీ నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టించాం. బేస్‌మెంట్ రోడ్డు కంటే మూడడుగులు లేపమన్నాను. ముసలివాళ్లకి మెట్లు ఎక్కువవుతాయని అత్తయ్య అలిగింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఊరు అల్లాడినప్పుడు మా కాలనీ దాకా ఏరు రాలేదు కానీ, వీధిలో నిలిచిన వాననీళ్లు మా రెండో మెట్టు తాకాయి. ఆ రోజు అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని నీళ్లనే చూస్తూ కూర్చుంది, మెట్ల మాట ఎత్తలేదు.

స్లాబ్ వేసిన రోజు బడికి సెలవు పెట్టాను. తెల్లవారుజామున ఇంకా సెంట్రింగ్ మీద (కాంక్రీటు పోయడానికి కింద కట్టే పలకల మీద) ఎవరూ ఎక్కకముందే పైకి వెళ్లి, ఊచలు పలకలకి ఆనకుండా కింద పెట్టే కవర్ బ్లాకులు ఉన్నాయా లేదా చూశాను. కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు ఎక్కడెక్కడున్నాయో గది గదికీ ఫోటోలు తీశాను. తర్వాత గోడకి మేకు కొట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆ ఫోటోలే పనికొచ్చాయి. ఎనిమిదింటికి కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగడం మొదలైంది. పాతిక మందికి పైనే ఉన్నారు. కాంక్రీటు చిక్కగా ఉంటే లాగడం కష్టమని మిల్లర్ దగ్గరి కుర్రాడు బకెట్టు మీద బకెట్టు నీళ్లు పోస్తున్నాడు. నీళ్లు ఎక్కువైతే స్లాబ్ బలం పోతుందని తెలుసు కానీ ఎలా చెప్పాలో తెలియలేదు. "బాబూ, జావలా వద్దు, ఉప్మాలా ఉండాలి" అన్నాను. అందరూ ఘొల్లున నవ్వారు. కానీ నీళ్లు తగ్గాయి. సాయంత్రం దాకా పక్కన ఎవరో ఒకరు "టీచరమ్మ ఉప్మా రెడీ" అని అరుస్తూనే ఉన్నారు. ఆకాశంలో మబ్బు పట్టి గుండెలు జారిపోయాయి గానీ చినుకు పడలేదు. చివరి తట్ట పడ్డాక అందరికీ బిర్యానీ, మేస్త్రికి కొత్త తువ్వాలు.

మర్నాడు స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టాం. పత్తి చేలో వరి మడులు వేసినట్టుంది. పద్నాలుగు రోజులు పొద్దునే వెళ్లి నీళ్లున్నాయో లేవో చూడటం నా పని.

గొడవ ఆ తర్వాత వచ్చింది. స్లాబ్ విడత బిల్లు కోసం కాంట్రాక్టర్ కొలతలు రాసిచ్చాడు. మొత్తం 1,420 అడుగులు. చదివి మళ్లీ చదివాను. ఇల్లు 1,150 కదా, ఈ 270 ఎక్కడివి? ముందు పోర్టికో 130, మెట్ల మీద గది 90, కిటికీల మీద సజ్జలన్నీ కలిపి 50. "స్లాబ్ ఎక్కడ వేస్తే అక్కడ ఏరియానే మేడం, అగ్రిమెంట్‌లో రాసుకున్నాం" అన్నాడు. అబద్ధం కాదు, రాసే ఉంది. 270ని 1,750తో గుణిస్తే 4,72,500. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయనకి ఫోన్ చేస్తే "సంతకం పెట్టేటప్పుడు చూసుకోలేదా" అన్నారు. ఆ మాటకి, బిల్లుకి వచ్చిన దానికంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఇంజినీరుని మధ్యలో కూర్చోబెట్టి మూడు రోజులు మాట్లాడాం. పని ఆగింది. పోర్టికోకి గోడలు లేవు, మెట్ల గదిలో టైల్స్ లేవు, పూర్తి రేటు ఎలా ఇస్తామన్నది మా వాదన. ఊచ, కాంక్రీటు మాత్రం పూర్తిగానే పడ్డాయి కదా అని కాంట్రాక్టర్ వాదన. ఆఖరికి సజ్జలు లెక్కలోంచి తీసేశారు, పోర్టికో, మెట్ల గది రెండింటికీ సగం రేటు. 220లో సగం 110, దానికి 1,92,500. అప్పుడు ఆ 1,950 ఆయన ఇచ్చిన నాలుగు పేజీలు బీరువాలోంచి తీసి చదివాను. రెండో పేజీలోనే ఉంది, సజ్జలకి లెక్క లేదు, పోర్టికోకి సగం అని. సంపు, సెప్టిక్ ట్యాంకు కూడా ఆయన రేటులోనే ఉన్నాయి. మాకు ఆ రెండూ, కాంపౌండ్ గోడా వేరే బిల్లులు. లెక్క వేస్తే ఇద్దరి మధ్యా తేడా పెద్దగా లేదు.

ఈసారి మా కాంట్రాక్టర్‌తో కొత్త కాగితం రాసుకున్నాం. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు, వరుసగా. దాంతోపాటు చివరి 50,000 ఒక వానాకాలం గడిచాకే ఇస్తానని రాయించాను. ఆయన మొహం ముడుచుకుని సంతకం పెట్టాడు.

మిగతాదంతా మామూలే. ఆషాఢం, సంక్రాంతి, సెంట్రింగ్ వాళ్లు ఊరెళ్లడం, ఏడు నెలలన్నది పదమూడు అవడం. ఒక కిటికీని అడుగున్నర జరపమన్నందుకు కట్టిన గోడ పగలగొట్టి మళ్లీ కట్టించాల్సి వచ్చింది, ఆ తప్పు పూర్తిగా నాదే. ఖమ్మంలో గ్రానైట్‌కి కొరత లేదు కాబట్టి వంటింటి బండ మాత్రం మనసుకి నచ్చింది దొరికింది.

2023 మార్చిలో పాలు పొంగించాం. జులై వానలకి వంటింటి మూల చేయంత తడి మచ్చ వచ్చింది. ఫోన్ చేసిన మర్నాడే మేస్త్రి ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. 50,000 ఇంకా నా దగ్గరే ఉంది మరి. పైన పిట్టగోడ దగ్గర పగులు పూడ్చి వెళ్లాడు, మచ్చ మళ్లీ రాలేదు. దసరాకి డబ్బు ఇచ్చేశాను.

పైఅంతస్తు కోసమని పిల్లర్ల ఊచలు స్లాబ్ మీద బారెడు వదిలి ఉన్నాయి. తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించాను. మా ఆయన సాయంత్రం పైకెక్కినప్పుడల్లా వాటి వంక చూసి "పైన ఇంకో రెండు గదులు…" అని మొదలుపెడతారు. నేను ఆరేసిన బట్టలు తీసుకుని కిందికి దిగిపోతాను.