రెండు సంచుల ఆవిడ

ఈ రోజు సెలవు. ఉతికిన బట్టలు మంచం మీద కుప్పగా పడున్నాయి. వాటిని అలాగే వదిలేసి పొద్దుటి నుంచీ బ్రిటిష్ పార్లమెంటు పాత చర్చలు ముందేసుకుని కూర్చున్నాను. ఎలినార్ రాత్‌బోన్ అనే సభ్యురాలు ఏ ఏడాది ఏం మాట్లాడారో వరసగా చూద్దామని. 1929లో ఇంగ్లండు విశ్వవిద్యాలయాల పట్టభద్రులు ఓటేసే ఉమ్మడి స్థానం నుంచి గెలిచారు. ఏ పార్టీ మనిషీ కాదు.

నిజం చెప్పాలంటే గంటకే విసుగొచ్చింది. నిరుద్యోగం, జీతాలు, పిల్లల తిండి, మళ్ళీ జీతాలు. ఏళ్ళు మారుతున్నా అదే పాట. ఒక చేతిలో కుటుంబ భత్యాల కాగితాల సంచి, రెండో చేతిలో శరణార్థుల కాగితాలతో అంతకన్నా బరువైన సంచి, అలా ఆవిడ లాబీలో నడిచొస్తుంటే మంత్రులు హడలిపోయేవారని తోటి సభ్యుడు హెరాల్డ్ నికల్సన్ రాశాడు. పాపం, ఆ మంత్రుల అవస్థ నాకూ కొంచెం అర్థమైంది.

ఆవిడ వాదన చాలా మామూలుది. జీతం పనిని బట్టి ఇస్తారు, ఇంట్లో ఎన్ని నోళ్ళున్నాయో చూసి కాదు. పెళ్ళికాని వాడికీ, ఐదుగురు పిల్లల తండ్రికీ ఒకటే కూలి. అందుకని పిల్లల ఖర్చులో కొంత ప్రభుత్వమే భరించాలి. దీన్ని కార్మిక సంఘాల్లోనే చాలామంది నమ్మలేదు. భత్యం వస్తోందిగా అని యజమానులు జీతాలు పెంచరేమోనని వాళ్ళ టెన్షన్. అది ఉత్త భయమని నేననను.

మధ్యాహ్నం 1945కి వచ్చేసరికి నిద్రమత్తు వదిలింది. ఎట్టకేలకు కుటుంబ భత్యాల బిల్లు వచ్చింది. తీరా చూస్తే డబ్బు తండ్రికి చెందుతుందని రాశారు! అలాగైతే బిల్లుకు వ్యతిరేకంగా ఓటేస్తానన్నారు ఆవిడ. అన్నేళ్ళు అడిగి అడిగి, నోటిదాకా వచ్చాక! నేనైతే ముందు తీసుకుందాం, తర్వాత చూద్దాం అనుకునే రకం. కానీ ఆవిడ మొదటి ప్రపంచ యుద్ధంలో లివర్‌పూల్‌లో సైనికుల భార్యలకు భత్యాలు అందించే పని చూశారు. డబ్బు నేరుగా తల్లి చేతిలో పడితే ఇల్లు ఎలా ఉంటుందో కళ్ళారా చూసిన మనిషి.

మా ఇంట్లో జీతం కవరు గుర్తొచ్చింది. నాన్న ఇచ్చాక అమ్మ ఎంతుందని అడిగేది కాదు. అటు తిరిగి లెక్కపెట్టుకునేది.

చివరికి విప్ లేకుండా సభ ఇష్టానికే వదిలేశారు. డబ్బు తల్లికే అని తేలింది. మొదటి బిడ్డకు లేదు, రెండో బిడ్డ నుంచి తలకు వారానికి ఐదు షిల్లింగులు. 1942లో సామాజిక భద్రత మీద ప్రభుత్వం రాయించిన బెవరిడ్జ్ నివేదిక చెప్పింది ఎనిమిది. మిగతాది బడి భోజనం, పాల రూపంలో వస్తుందని సర్దిచెప్పారు.

బట్టలు మడత పెడదామని లేచి, ఊరికే 1946 కూడా తిరగేశాను. తల్లులకు మొదటి డబ్బు అందింది ఆ ఆగస్టులో. ఆవిడ జనవరి 2నే పోయారు. ఆ ఏడాదికి ఆవిడ పేరు కింద ఒక్క మాటా లేదు.